లైటు కింద కయ్య

"ఈ పిల్ల ఏదో ఒకరోజు యాడన్నా పడిపోతాది. చూస్తా ఉండండి, నేను చెప్పిందే జరుగుతాది."

కాంచన ఈ మాట ఎవరి మొహం చూసీ అనలేదు. కాఫీ గ్లాసులు తొలుస్తూ కుళాయితో చెప్పినట్టు చెప్పింది. వాకిట్లో స్కూటర్ సీటు మీది మంచు తుడుస్తున్న ఆమె భర్త దండపాణి విన్నాడు.

"మార్గళి నెల, దేవుడి నెల, పొద్దుపొద్దున్నే, నీకు ఇంకో మాటే దొరకలేదా?"

"దాని కండ్ల కింద చూడండి. బొగ్గు పూసినట్టుండాది. నిన్న తల దువ్వుకుంటా నిలబడే కండ్లు మూసేసింది. దువ్వెన కింద పడింది. నేను చూసినా."

"దువ్వెన పడితే మనిషి పడినట్టా అమ్మా?" అంటూ కూతురు మధుమిత తెల్లకోటు మడిచి సంచిలో పెట్టుకుంటూ బయటికి వచ్చింది. తిరువళ్లూరులో నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతోంది. తెల్లవారకముందే తండ్రి స్కూటర్ మీద తిరుత్తణి స్టేషన్‌కు పోయి రైలెక్కుతుంది. సాయంత్రం మళ్లీ రైలు, ఆపైన బస్సు. సందు మొదట్లో దిగి, వరిపొలాల మధ్య అరకిలోమీటరు నడిచి ఇల్లు చేరుతుంది. "నిద్ర చాల్లేదు, అంతే."

"తొమ్మిదింటికే పడుకుంటివి గదా?"

"పడుకుంటా. నిద్ర యాడొస్తాది?" మధుమిత గడ్డంతో గేటు బయటికి చూపించింది. కాంచన అటు చూడలేదు. టిఫిన్ డబ్బా మూత సరిగ్గా పడిందో లేదో రెండోసారి నొక్కి చూసింది.

గేటు బయట ఉన్నది కంబం. ఇరవై అడుగుల ఇనుప కంబం, దాని నెత్తిన పలకలాంటి తెల్లలైటు. సాయంత్రం ఆరుకు తనంతట తనే వెలుగుతుంది, పొద్దున ఆరు దాటాక తనంతట తనే ఆరిపోతుంది. ఊళ్లో దాన్ని కాంచన లైటు అంటారు. అడిగి తెచ్చుకున్నది ఆమే. అర్జీ రాసి, ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించి, ఆగస్టు పదిహేనున గ్రామసభలో లేచి నిలబడింది. పదో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి. మైకు ముందు కొంగు పిడికిట్లో పట్టుకుని, "ఆ సందులో పాములుండాయి, కుక్కలుండాయి, తాగినోళ్లు పడుంటారు. నా బిడ్డ చీకట్లో నడిచొస్తాది" అని చెప్పింది. అంతా తలలూపారు. పక్క పొలం వెంకటపతి ఒక్కడే లేచాడు. "లైటు పెట్టుకోండి. దాన్ని సందు మలుపులో పెట్టండి, నా కయ్య మీద పడనీయొద్దు. సంబా వరికి రాత్రిపూట చీకటి కావాల" అన్నాడు. జనం నవ్వారు. ఆ నవ్వు ఇచ్చిన ధైర్యంతో కాంచన నోటికి వచ్చేసింది: "మామా, మీ వరి ముఖ్యమా, నా బిడ్డ ముఖ్యమా?"

ఆయన కండువా సర్దుకుని కూర్చున్నాడు. అంతే. ఆ రోజు నుంచి ఆమెతో మాట్లాడలేదు. అంతకుముందు రోజూ పార భుజాన వేసుకుని పోతూ "ఏం కాంచనా, కాఫీ అయినాదా?" అని గేటు దగ్గర ఆగేవాడు. అయిందన్నా, కాలేదన్నా "సరి సరి" అనేవాడు. ఇప్పుడూ అదే వేళకు పోతాడు. గేటు వచ్చేసరికి ఆయన కళ్లు పొలం వైపు తిరుగుతాయి. చెప్పుల చప్పుడు ఆగదు.

ఆ సాయంత్రం ఏడున్నరకు కాంచన ఎప్పటిలాగే గేటు పట్టుకుని నిలబడింది. సందంతా ఉతికి ఆరేసినట్టు తెల్లగా ఉంది. కంకరరాళ్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. చిన్న రాయికి కూడా పొడుగాటి నీడ. ఇదివరకు ఇక్కణ్ణుంచి తిరుత్తణి కొండ మీది గుడి దీపాలు కనిపించేవి. అన్నం తిన్నాక అటు తిరిగి చేతులు జోడించి, తలుపు గడియ వేసుకునేది. కంబం వచ్చాక అటువైపు అంతా మసగ్గా తెల్లబడి, కొండ ఎక్కడుందో ఊహించుకుని దండం పెట్టాల్సి వస్తోంది.

బస్సు హారన్ వినిపించింది. సందు మొదట్లో ఇద్దరు దిగారు. ఇద్దరూ అటువైపు వీధికి పోయారు.

తరువాతి బస్సులోనూ రాలేదు. ఫోన్ మోగి మోగి ఆగిపోతోంది. ఎనిమిదికి దండపాణి స్కూటర్ తీశాడు. "స్టేషన్‌కు పోయి చూసొస్తా. నువ్వు ఏమేమో అనుకోవద్దు."

కాంచన అప్పటికే అన్నీ అనుకుంది. రైలు తలుపు దగ్గర నిలబడి కళ్లు తిరిగి ఉంటుంది. పట్టాలు దాటుతూ ఉంటుంది. ఎవడో వెంట పడి ఉంటాడు. ఎదురుగా సందులో కుక్క లేదు, పాము లేదు, తాగినవాడూ లేడు. ఇంత వెలుతురులో ఏమీ కనిపించకపోవడం చీకటికన్నా భయంగా ఉంది. గేటు ఇనుము అరచేతికి చల్లగా అతుక్కుపోయింది.

తొమ్మిది కావస్తుండగా ఫోన్ మోగింది.

"అమ్మా, నేను తిరువళ్లూరులో ఉండా."

"ఇంకా ఆడనే ఉండావా! రైలెక్కలేదా?"

"ఎక్కినా. తిరుత్తణికి వచ్చేసినా. నాకే తెలీలేదు. సీటులోనే నిద్రపోయినా. రైలు తిరుక్కుని మళ్లీ ఇక్కడికే వచ్చింది. పూలమ్మే ఆమె తట్టి లేపి, యాడమ్మా నీ ఊరు అనింది. నేను బోర్డు చూసి, పొద్దున కాలేజీకి వచ్చినా అనుకున్నా అమ్మా."

తరువాతి బండి ఎక్కి వస్తే, తిరుత్తణి స్టేషన్‌లో దండపాణి దింపుకుని ఇంటికి తెచ్చేసరికి చాలా పొద్దు పోయింది. "పోయిన రైల్లోనే ఎనక్కొచ్చిన మొదటి మనిషి నా కూతురే" అని ఆయన నవ్వించబోయాడు. కాంచన నవ్వింది. నవ్వుతూనే అన్నం గిన్నె ముందు కూర్చుని ఏడ్చింది.

మర్నాడు కాలేజీ మాన్పించి తిరుత్తణిలో డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. బస్సులో దారి పొడుగునా స్కాన్ మాటే. తలలో గడ్డ ఏదో ఉంటుంది. పళవేర్కాడులో వాళ్ల పిన్నత్త కొడుక్కి అట్లాగే మొదలైంది. "ఆయనకు అరవై ఏండ్లమ్మా" అని మధుమిత కిటికీకి తల ఆనించింది. రెండో స్టాపు దాటకముందే నిద్రపోయింది.

డాక్టరమ్మ కళ్లు లాగి చూసింది, బీపీ చూసింది, రక్తం పరీక్ష రాసింది. తరువాత కాంచన చెప్పే గడ్డ కథ పూర్తి కాకుండానే కూతురి వైపు తిరిగి అరవంలో అడిగింది: యాడ పడుకుంటావు? గదిలో రాత్రిపూట ఎంత వెలుతురుంటుంది?

"లైటు వేయకుండానే పుస్తకం చదవొచ్చు మేడమ్."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. చీకటి పడ్డాకే నిద్రను తెచ్చేది ఒంట్లో ఊరుతుందని, కంటి మీద తెల్లటి వెలుతురు పడుతూ ఉంటే ఇంకా పొద్దు గూకలేదని మెదడు మోసపోతుందని, నెలల తరబడి ఇట్లాగే పోతే నిద్రతో ఆగదని, బీపీకీ చక్కెరకీ కూడా దారేనని చెప్పింది. "కిటికీకి దళసరి గుడ్డ కట్టుకోవచ్చు గదా?"

"కట్టినాం. రేకుల ఇల్లు మేడమ్, గోడకూ రేకుకూ మధ్య జానెడు సందు. పైనుంచి వస్తాది. కిటికీ గుడ్డయితే..." మధుమిత ఆగి తల్లిని చూసింది. "అమ్మ తీసేస్తాది."

"ఎందుకమ్మా?"

కాంచన చీర కుచ్చిళ్లు సర్దుకుంది. "రాత్రిళ్లు ఒకసారి లేచి చూస్తా మేడమ్. ఊపిరి తీస్తా ఉండాదా లేదా అని. గుడ్డ ఉంటే మొహం కనపడదు."

డాక్టరమ్మ నవ్వలేదు. "ఇరవై ఏండ్ల పిల్ల. ఊపిరి అదే తీసుకుంటుంది. దాన్ని చీకట్లో పడుకోనీయండి" అంది. మాత్ర ఒక్కటి కూడా రాయలేదు. బయటికి వచ్చాక కాంచనకు అదే పెద్ద లోటుగా తోచింది. ఇంత దూరం వచ్చి ఒక్క మాత్ర లేకుండా పోవడమేమిటి?

ఇంటికి వచ్చీ రాగానే మధుమిత దిండు చంకన పెట్టుకుని వడ్ల గదిలోకి పోయింది. వెనక వైపు చిన్న గది, కిటికీ లేదు, పైన పాత మిద్దె. బస్తాల మధ్య చాప పరుచుకుని తలుపు మూసింది. మధ్యాహ్నం అన్నానికి లేవలేదు. మూడు గంటలకూ లేవలేదు. కాంచన తలుపు వేలెడంత తెరిచింది. వెలుతురు గీతలా పోయి కూతురి చెంప మీద పడింది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది, పాలు తాగి పడుకున్న పసిబిడ్డలా. గీత పడగానే కనుబొమలు ముడుచుకున్నాయి. కాంచన గబుక్కున తలుపు మూసి, గడప మీదే కూర్చుండిపోయింది.

వడ్ల వాసన తలుపు సందులోంచి వస్తోంది. తామరైపాక్కంలో పుట్టింట్లో కూడా ఇట్లాంటి గదే ఉండేది. అక్కడ వేసవిలో మిద్దె మీదే పడక. ఆనకట్ట మీంచి కొసస్థలి ఏటి నీళ్లు దూకే చప్పుడు పగలు ఎవరికీ వినిపించేది కాదు, లాంతరు ఆర్పాకే వినిపించేది. అవ్వ లాంతరు గాజు ఎత్తి ఉఫ్ అని ఊదేది. ఊదగానే ఏమీ ఉండేది కాదు, పక్కన పడుకున్న అక్క కూడా ఉండేది కాదు. కాసేపటికి దండెం మీది చీర వచ్చేది, తరువాత నీళ్లకుండ, ఆ తరువాత ఎప్పుడో ఆకాశం. అప్పుడు కాంచనకు భయం ఉండేది కాదు. ఇన్ని భయాలు ఎప్పుడు నేర్చుకుందో గుర్తు లేదు. వరి పొట్టతో ఉన్న నెలల్లో పిల్లలు మిద్దె మీద గొడవ చేస్తే అవ్వ అదిలించేది: "అరవొద్దండే, వరి నిద్రపోతా ఉండాది." ఆ మాటకు కిందనుంచి ఎవరూ నవ్వేవాళ్లు కాదు. అందరూ నిజంగానే గొంతు తగ్గించేవాళ్లు.

"కాంచనా! చెంబు తీసుకో, చేయి నొస్తాండాది." పక్కింటి ప్రహరీ మీంచి దేవసేన మజ్జిగ చెంబు చాపింది. వెంకటపతి భార్య. ఆయన మాటలు మానేశాక ఆమె మాటలు రెండింతలయ్యాయి. "పాపకు ఎట్లుండాది? రైల్లోనే తిరునాళ్లకు పోయినట్టు పోయొచ్చింది అంట గదా."

"నిద్రపోతా ఉండాది అత్తా."

"పోనీ, పోనీ. మా ఇంట్లో అదే లేదు. కోడిపుంజు నడిజామానికే తెల్లారిందని కూస్తాది. మీ మామ దాన్ని ఆదివారం కోసేస్తానంటాడు. దానిదేం తప్పు?"

దేవసేన వెనక పొలంలో కోత మొదలైంది. నలుగురు ఆడవాళ్లు వంగి కోస్తున్నారు. వరి బంగారంలా పండి, కంకులు బరువుతో నేలకు వంగి ఉన్నాయి. కంబం దగ్గరికి వచ్చేసరికి మాత్రం పచ్చదనం, అరచందమామ ఆకారంలో, గీత గీసినట్టు. వంటింటి తొట్టి నీళ్లు ఆ మూలకే పోతాయి. మా నీళ్లకే ఎంత ఏపుగా ఉందో అని కాంచన నెల రోజులుగా సంతోషపడుతోంది. ఇప్పుడూ అదే అంది. "ఆ మూల మా తొట్టి నీళ్లకు బాగా ఏపుగా వచ్చింది గదా అత్తా. దాన్ని తరువాత కోస్తారా?"

దేవసేన ఆమె మొహంలోకి చూసింది, వేళాకోళమా అని. కాదని తెలిసి నిట్టూర్చింది. "వరి పండే ఊళ్లో పుట్టినావు. దిగి చూడుపో. ఒక్క కంకి చూపించు, నా ముక్కుపుడక ఇస్తా."

కాంచన చెంబు గోడ మీద పెట్టి గేటు దాటి గట్టు మీదికి పోయింది. వంగి ఒక దుబ్బు చీల్చింది. ఆకులోపల ఆకు, దానిలోపల ఆకు. ఇంకొకటి చీల్చింది. నాలుగడుగులు లోపలికి పోయి ఇంకొకటి. నిగనిగలాడే పచ్చదనం, మోకాలి పైదాకా. ఎక్కడా ఈనలేదు. నెల రోజుల కిందట ఈనాల్సిన వరి. లైటు పడే చోటు దాకా అట్లాగే ఉంది, లైటు ఆగిన చోట కంకి మొదలైంది. ఆమె చేతులు పచ్చి వాసన వేస్తున్నాయి. తల ఎత్తి కంబాన్ని చూసింది. పగటిపూట అది చచ్చినట్టు నిలబడి ఉంది.

కోత కోసే వాళ్ల అవతల వెంకటపతి మోపులు కడుతున్నాడు. ఆమె తన కయ్యలో నిలబడి ఉండటం చూశాడు. చూసి, వంగి ఇంకో మోపు కట్టాడు.

మధుమిత సాయంత్రం లేచి అన్నం తిని మళ్లీ వడ్ల గదిలోకే పోయింది. మరుసటి పొద్దున్నే లేచి కాలేజీకి తయారవుతుంటే మొహంలో రంగు వచ్చింది. పాట కూడా ఏదో కూనిరాగం. "ఒక్క రాత్రికే ఇట్లుంటే..." అని దండపాణి ఆగిపోయాడు. కొత్త వడ్లు రేపో మాపో ఇంటికి వస్తాయి. బస్తాలు పడితే ఆ గదిలో కాలు పెట్టడానికి చోటుండదు.

కూతురు పోగానే కాంచన పంచాయతీ ఆఫీసుకు నడిచింది. లైన్ పనులు చూసే మునియప్ప వైరు చుట్ట భుజాన వేసుకుని టీ తాగుతున్నాడు.

"ఆ లైటు తీసేయాల మునియప్పా."

"యా లైటు? కాంచన లైటా?" మునియప్ప టీ గ్లాసు దించాడు. "ఏందక్కా, ఊరంతా లైటు పెట్టు లైటు పెట్టు అని నా ప్రాణం తీస్తారు. తీసేయమని అడిగింది నువ్వొక్కదానివే. అదీ నువ్వు!"

"నవ్వొద్దు. నా బిడ్డకు నిద్ర లేదు. ఆ పొలం ఈనలేదు."

మునియప్ప నవ్వడం ఆపాడు. తీసేయాలంటే గ్రామసభ తీర్మానం కావాలని, మిగతా ఆడపిల్లలు కూడా ఆ సందులోనే వస్తారు కాబట్టి పంచాయతీ పెద్ద, తలైవరు, ఒప్పుకోడని చెప్పాడు. కొంచెం ఆలోచించి, "ఒకటి చేస్తా. కంబానికి చేతికందే ఎత్తులో స్విచ్చు పెట్టిస్తా. పిల్లోళ్లంతా ఇండ్లు చేరినాక ఆర్పుకోండి. ఆర్పేది ఎవరో ఒక్క మనిషి పేరు చెప్పక్కా, నేను రాసుకోవాల. చీకట్లో ఏదన్నా అయితే తలైవరు నన్ను గదా అడిగేది" అన్నాడు.

"ఏదన్నా అంటే?" అంది కాంచన.

"ఏదన్నా అంటే ఏదన్నానే."

ఆ మాట ఆమె వెంటే ఇంటికి వచ్చింది.

మధ్యాహ్నానికి స్విచ్చు వచ్చింది. బూడిదరంగు డబ్బా, చిన్న మూత. సాయంత్రం ఏడున్నరకు మధుమిత సందులో నడిచొచ్చింది, ఇద్దరు ట్యూషన్ పిల్లలు వెనకాలే వచ్చి వాళ్ల వీధిలోకి పోయారు. ఎనిమిదిన్నరకు సందులో ఇంకెవరూ లేరు. కాంచన చెప్పులు వేసుకుని కంబం దగ్గరికి పోయి డబ్బా మూత తెరిచింది. వేలు స్విచ్చు మీద పెట్టింది.

ఆర్పిన తరువాత ఎవరైనా వస్తే? ఎవరి పిల్లయినా బస్సు తప్పి ఆలస్యంగా వస్తే? రేపు మధుమితే వస్తే? ఆర్పింది ఎవరంటే కాంచనే అంటారు. వేలు బిగుసుకుపోయింది. పైన లైటు చుట్టూ పురుగులు తిరుగుతున్నాయి. ఆమె నీడ కాళ్ల కింద చిన్న ముద్దలా ఉంది. మూత మూసింది. ఇంటివైపు పోలేదు, పక్కింటి వైపు నడిచింది.

వెంకటపతి అరుగు మీద కూర్చుని రేపటి మోపులకు గడ్డి పురి పేనుతున్నాడు. పురి కొస కాలి బొటనవేలికి చుట్టి ఉంది, రెండు అరచేతులూ గడ్డిని తిప్పుతున్నాయి. దేవసేన లోపలినుంచి "ఎవరూ, కాంచనా?" అంది. ఆయన తల ఎత్తలేదు.

కాంచన అరుగు కిందే నిలబడింది.

"మామా, ఆ రోజు అట్ల అని ఉండకూడదు నేను. అంత మందిలో. మా అవ్వ కూడా చెప్పేది వరి నిద్రపోతాదని. తెలిసుండీ అన్నా." కంబం వైపు చూపించింది. "మునియప్ప స్విచ్చు పెట్టినాడు, ఆర్పే మనిషి పేరు ఒకటి చెప్పమన్నాడు. ఆర్పుదామని పోయినా. నా వల్ల కాలేదు మామా. చేయి పోలేదు. చీకటి చేస్తే ఏమవుతాదో అని. వెలుతురుంటే బిడ్డకు నిద్ర లేదు, మీ వరి ఈనదు. ఏం చేయాలో మీరే చెప్పాల."

పురి తిరుగుతూనే ఉంది. ఆయన ఇంకో గడ్డి పిడికెడు తీసి కలిపాడు. లోపల దేవసేన గిన్నెలు సర్దడం ఆపింది. అరుగు మీద సగం దాకా కంబం వెలుతురు పడుతోంది, ఆయన చేతుల మీది మట్టి కూడా కనిపిస్తోంది.

"పిల్ల నిలబడుండాది, ఏదో ఒకటి చెప్పండయ్యా" అంది దేవసేన గుమ్మంలోకి వచ్చి.

పురి మూరెడు సాగింది. కాంచన ఐదు నెలలు ఈ మనిషి మౌనాన్ని గేటు దగ్గర నిలబడి విన్నది. ఇంత దగ్గర్నుంచి వినడం ఇదే మొదలు. పోదామని ఒక అడుగు వెనక్కి వేసింది. అడుగు వేసి, మళ్లీ అక్కడే నిలబడింది. ఇవాళ జవాబు లేకుండా పోతే ఇంక ఎప్పటికీ అడగలేదు.

చాలాసేపటికి వెంకటపతి బొటనవేలి నుంచి పురి విప్పాడు. చుట్ట చుట్టి పక్కన పెట్టాడు. గోడ పట్టుకుని లేచి, ఆమెను దాటి, కంబం వైపు నాలుగడుగులు వేసి ఆగాడు.

"మునియప్పకు నా పేరు చెప్పు" అన్నాడు. "లైటు లేని రోజుల్లో కూడా, పాప సందు దాటి లోపలికి పోయి గడియ వేసుకున్న సద్దు వినేదాకా, నేను పొలంలో మోటారు కొట్టంలోంచి లేసిందే లేదు కాంచనా. ఇప్పుడూ ఆ సద్దు విన్నాకనే ఆర్పుతా. నువ్వు పొయ్యి పడుకో."